నూకాలుకు వెచ్చని మందు

రోహిణి కార్తె మొదట్లో

ఇవాళ నూకాలు నాలుగు గుండ్లు వేసింది. నాలుగూ ఏటి రేవుకు ఇవతలే పడ్డాయి. ఏరు దాటి మీదికొస్తున్న శత్రువు ఇనప పీతలకు ఒక్క కాలు కూడా విరగలేదు. ఎందుకో వాటంతట అవే వెనక్కి తిరిగిపోయాయి. లేకపోతే ఈ ముక్క రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

పై కచేరీకి కొత్త గుమస్తా వచ్చినట్టున్నాడు. పోయిన నెల మా జట్టు రేషనులో నూకాలు పేరు మీద కూడా బియ్యం పంపాడు. అయ్యా, నూకాలు మనిషి కాదు, ఫిరంగి. మా మావగారి కాలానికే పాతబడిపోయి, ఊరి పార్కులో పిల్లలు ఎక్కి ఆడుకోవడానికి పెట్టినదాన్ని ఎడ్లు కట్టి లాక్కొచ్చారు. దాని ఒంట్లో బ్యాటరీ లేదు, బుర్ర లేదు. బుర్ర ఉన్న కొత్త ఫిరంగులన్నింటినీ తూనీగలు మొదటి ఏడాదే పసిగట్టి కాల్చేశాయి. ఆకాశంలో తిరిగే ఆ ఇనప తూనీగలకు కరెంటు పారే వస్తువు ఎక్కడున్నా తెలిసిపోతుంది. నూకాలు మాత్రం జీడితోటలో పాత ఇనుములా పడి ఉంటుంది కాబట్టి ఇంకా మిగిలింది. పంపిన బియ్యం వండుకుని తిన్నాం. తిరిగి అడగవద్దు.

సాయంత్రం గొట్టం చల్లబడ్డాక దాలినాయుడు లోపలికి తొంగి చూశాడు. గురి చూసేది వాడే. నన్ను అక్కని పిలిచినట్టు అప్పా అంటాడు గానీ వాడికీ అరవై దాటాయి.

"అప్పా, దీనికి పళ్ళూడిపోనాయి. గుండుని గట్టిగా పట్టుకోనేకపోతంది. మందు మండిన గాలంతా పక్కల్నుంచి పారిపోతంది."

"ముక్కు ఇంకొంచెం పైకెత్తు."

"ఎత్తీసేను. ఎత్తే సక్రం ఇంక తిరగదు."

కొత్త గొట్టం కావాలని నేను రాసి ఏడాదయింది. అది తయారు చేసిన కర్మాగారం మీద ఇప్పుడు సముద్రం ఉందని జవాబు వచ్చింది. ఫిరంగిని ముందుకు జరపమని ఉచిత సలహా కూడా ఇచ్చారు. తోట దాటితే రేవు దాకా అంతా పల్లంగా దిగే బోడి మెట్ట. అక్కడ మేక నిలబడినా పైనుంచి కనిపిస్తుంది.

రోహిణి కార్తె, ఎండలు ముదిరాక

నా కోడలు నీలవేణి గురించి రాయాలి, ఎందుకంటే గుండ్లు ఎక్కడ పడ్డాయో మాకు చెప్పే కన్ను అదే. రేవుకు కొంచెం ఇవతల ఒక బండ ఉంది. ఏడాదిగా దాని నెర్రెలోనే మకాం పెట్టి తీగ ఫోనులో చెబుతుంది. చేత్తో తిప్పే ఫోను, భూమిలో పాతిన తీగ. తూనీగలకు అది వినపడదు.

నాకు ఆ పిల్ల మీద కోపం. దాచుకోవలసిన పని లేదు, జట్టులో అందరికీ తెలుసు. పోయిన ఏడు ఆ తీగ తెగిపోతే అతకడానికి నా కొడుకు గౌరీసు వెళ్ళాడు. తీగ అతికింది. వాడు తిరిగి రాలేదు. తీగకు ఈ చివర నేను, ఆ చివర అది. రోజూ మాట్లాడుకోక తప్పదు, మాట్లాడితే దెబ్బలాడక తప్పదు.

పొద్దున్న వేసిన గుండు మళ్ళీ పొట్టిగా పడింది.

"అత్తా, ఇలగయితే రేవులో కాదు, నా ఒల్లో పడుద్ది."

"వొళ్ళు దగ్గరెట్టుకుని కూకో. మేం సూసుకుంటాం."

"ఏటి సూసుకుంటారు, కళ్ళు ఇక్కడ నావి కదా!"

మధ్యాహ్నం ఒక చిత్రం జరిగింది. మందు సంచుల పెట్టె ఒకటి నీడలో పెట్టడం మరిచిపోయి ఎండలో వదిలేశారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండ అలాంటిది. దాలినాయుడు మోసేవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంతలో పీతలు మళ్ళీ నీళ్ళలోకి దిగాయని కబురు. వేరే పెట్టె తెచ్చే వ్యవధి లేక ఆ ఎండకు కాగిన మందే వేశాం. కాసేపటికి ఫోను మోగింది.

"రేవు మద్దినే! ఒక పీత వెల్లకిలా పడ్డాది! ఎవులేసేరు, నువ్వేనా?"

ఆ వెటకారం నాకు అక్కర్లేదు. కానీ విషయం అర్థమైంది. మందు వెచ్చగా ఉంటే మంట జోరుగా ఉంటుంది, గుండు దూరం వెళుతుంది. అరిగిన గొట్టం పోగొట్టినదాన్ని ఎండ తిరిగి ఇచ్చింది.

మర్నాటి నుంచి మాకు కొత్త పని పడింది. చెట్ల అంచున, ఎండా నీడా కలిసే చోట, తాటాకు చాపలు పరిచి మందు సంచులు ఆరబెడుతున్నాం. అచ్చం వడియాలే, కాకులొక్కటే తక్కువ. దాలినాయుడు ప్రతి సంచినీ తీసి చెంపకు ఆనించి చూస్తాడు. సరిపోయిందంటేనే గొట్టంలోకి వెళుతుంది. ఇది చట్టంలో లేని పద్ధతి. ప్రమాదం కూడా. పైవాళ్ళకు వేరే మార్గం తెలిస్తే రాయండి.

ఒకటి మాత్రం దాలినాయుడు గుర్తు చేశాడు. వెచ్చని మందు గొట్టాన్ని ఇంకా తొందరగా తినేస్తుంది.

మృగశిర కార్తె

మృగశిరలో ముంగిళ్ళు చల్లబడ్డాయి. సామెత ఎవరు కట్టారో గానీ ఫిరంగి ఉన్న ఇంటివాళ్ళు కాదు. జనమంతా హమ్మయ్య అనుకుంటుంటే మేం దిగులుగా మబ్బుల వంక చూస్తున్నాం. రెండు రోజులుగా ఎండ లేదు. చల్లటి మందుతో గుండు వేస్తే రేవుకూ నీలవేణి కూర్చున్న బండకూ మధ్య పడుతోంది. మొన్నటి గుండు బండకు మరీ దగ్గరగా పడి, రాళ్ళు ఆ పిల్ల వీపు మీద రాలాయట. గొట్టం ఇంకా అరిగితే తరువాతిది ఎక్కడ పడుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు.

పొయ్యి దగ్గర పెట్టి వెచ్చబెడదామన్నవాడిని తోటలోంచి తరిమేశాను.

దారి చెప్పింది దానమ్మ. తోట వెనక గుడిసెల్లో ఉన్నవాళ్ళకు పెద్ద ఆమె. వాళ్ళంతా చేపల వేట వాళ్ళు, ఊరు సముద్రంలో కలిసిపోతే పడవలూ వలలూ మోసుకుని ఇంత దూరం వచ్చి పడ్డారు. పీతలు రేవు దాటితే ముందు కాలిపోయేవి వాళ్ళ గుడిసెలే. ఏరు పొంగేదాకా రేవును కాపాడితే చాలు, ఆ తర్వాత కార్తీకం వరకు పీతలు నీళ్ళలో దిగలేవు. ఈలోగా వీళ్ళు కొండల్లోకి ఎక్కిపోవచ్చు. ఈ ఏడాది మా పనంతా ఇంతే, ఏరు పొంగేదాకా ఆగడం.

దానమ్మ వచ్చి సంచిని చేత్తో పట్టుకుని చూసింది.

"ఇదేటి, పసిపిల్లంత బరువు కూడా నేదు. పక్కలో ఎట్టుకుని దుప్పటి కప్పుకుంటే ఎచ్చబడదేటి?"

"చుట్ట కాలిస్తే పేలిపోతావు."

"మానేస్తానే పారమ్మా. నీకోసం కాదు, నా గుడిసె కోసం."

అన్నంత పనీ చేసింది. పొద్దున్నే ముప్పై మంది ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ దుప్పట్లు కప్పుకుని, మందు సంచులు పొట్టకు హత్తుకుని పడుకున్నారు. కోళ్ళు గుడ్లు పొదిగినట్టే. మధ్యాహ్నానికి దాలినాయుడు చెంపకు ఆనించి చూసి తల ఊపాడు. గుండు తిన్నగా రేవులో పడింది.

"ఎండ నేదు కదా, ఎలగేసేరు?" అంది నీలవేణి.

చెప్పాను. ఫోనులో చాలాసేపు నవ్వింది. గౌరీసు పోయాక అది నవ్వగా వినడం ఇదే మొదలు. నాకు ఎందుకో ఒళ్ళు మండి ఫోను పెట్టేశాను.

మృగశిర చివర

నీలవేణి మళ్ళీ అడిగింది, కన్నవారింటికి వెళతానని. వాళ్ళది కొండ మీద ఊరు, తండ్రికి చోడి చేను ఉంది, రాగులు పండిస్తాడు. ఇది మూడోసారి అడగడం.

"వానలు పడిపోయాక ఎల్లిపోతాను అత్తా. ఇంక ఇక్కడ నాకేటున్నాది?"

"ఫిరంగి ఉంది. దానికి నువ్వు తప్ప కన్ను లేదు."

"ఇనప ముక్క కోసం ఉండమంటావా?"

అవునన్నాను. నిజం ఏమిటంటే, ఇనప ముక్క లేకపోతే దాన్ని ఉండమని అడగడానికి నా దగ్గర ఇంకో కారణం లేదు. కోపమైనా సరే, ఆ ఫోనులో రోజూ వినపడే గొంతు అదొక్కటే. ఇది చిట్టాలో రాయవలసిన సంగతి కాదు. రాసేశాను, కొట్టేయను.

గుడిసెల దగ్గర ఇవాళ పద్ధతి మారింది. వేటవాళ్ళకు అన్నింటా పాళ్ళు వేసుకోవడం అలవాటు. వలలో ఒక్క చేప పడినా ఇంటింటికీ ముక్క వెళుతుంది. కష్టం కూడా అలాగే. పొద్దస్తమానం ఒకరే సంచి మోస్తూ పడుకోవడం తప్పని కూర్చుని తీర్మానించుకున్నారట. ఇప్పుడు సంచులు గుడిసె గుడిసెకూ తిరుగుతున్నాయి. ఆడవాళ్ళు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటుంటే చూసి ముచ్చటపడ్డాను. పైవాళ్ళలో కూడా ఇంత పొందిక ఉంటే యుద్ధం ఎప్పుడో అయిపోయేది.

ఆరుద్ర కార్తె

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చేతులకు తాళ్ళ రాపిడి తగిలి బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.

రాత్రి నుంచి కుంభవృష్టి. తెల్లారేసరికి ఏరు ఎర్రగా తిరిగింది, కానీ రేవు ఇంకా మునగలేదు. ఇంత వానలో తూనీగలు ఎగరలేవు. పీతలకు మాత్రం అడ్డేమీ లేదు. ఇవాళ దాటకపోతే కార్తీకం దాకా దాటలేమని వాటికీ తెలిసినట్టుంది, ఉన్నవన్నీ అవతలి గట్టుకు చేరాయి.

ఫోను మోగింది. "అత్తా, దిగుతున్నాయి. బేగి!"

మొదటి సంచి తెచ్చారు. దాలినాయుడు చెంపకు ఆనించి నా వంక చూశాడు.

"అప్పా, ఇది సల్లగున్నాది."

ఇంకొకటి తెచ్చారు. అదీ అంతే. అన్నీ అంతే. అప్పుడు తెలిసింది. పాళ్ళు పాళ్ళుగా తిరుగుతూ, గుడిసెకూ గుడిసెకూ మధ్య ఆ చలిగాలిలో, ఒక్క సంచి కూడా ఎవరి ఒళ్ళోనూ కుదురుగా వెచ్చబడలేదు. అందరూ సమానంగా కష్టపడ్డారు, సంచులన్నీ సమానంగా చల్లబడ్డాయి. చూసి మురిసిపోయినదాన్ని నేనే. మళ్ళీ పొదగాలంటే సగం రోజు కావాలి.

వేరే గతి లేక ఒకటి వేశాం. ఫోనులో ముందు ఏమీ వినపడలేదు. తర్వాత దగ్గు.

"నీలేణీ!"

"ఉన్నాను. గుండు బండకి ఈ పక్కనే పడ్డాది. నీకూ నాకూ దెబ్బలాటలున్నాయి గానీ, ఇంత కచ్చా అత్తా?"

"ఎనక్కొచ్చీ. బండ దిగి వచ్చీ!"

"ఎలగొస్తాను? ఎనకాల గెడ్డ పొంగిపోనాది. నడుం దాటి పారతంది."

అవతల ఏరు, ఇవతల వాగులా పొంగిన గెడ్డ. మధ్యలో బండ మీద అది. నూకాలు ముక్కు ఇంక పైకి లేవదు. మందు వెచ్చబడదు. ఇంకో నాలుగైదు గుండ్లు వేస్తే వాటిలో ఒకటి బండ మీద పడుతుంది. వేయకపోతే పీతలు దాటతాయి, దాటగానే ముందు బండనే తొక్కుతాయి, తర్వాత గుడిసెలు.

"ఎయ్యి అత్తా," అంది. "నాను నెర్రెలో దూరుంటాను. మూడు పీతలు నీళ్ళలోకొచ్చీసేయి. ఆగకు."

"నోర్ముయ్యి. నాకు నువ్వు సెప్పక్కర్లేదు."

నా కొడుకును ఆ తీగకు ఇచ్చాను. తీగ చివర మిగిలినదాన్ని నా చేత్తో నేనే చంపుకోవాలా అనుకున్నాను. నాకు భయం వేసింది. ఇన్నేళ్ళుగా ఫిరంగి దగ్గర ఉన్నాను, ఇలా ఎప్పుడూ వేయలేదు.

మిగిలిన దారి ఒక్కటే. గుండు దూరం వెళ్ళకపోతే ఫిరంగి దగ్గరకు వెళ్ళాలి. తోట దాటి, బోడి మెట్ట మీదకు, ఒక రెండు వందల గజాలు.

"దించుదాం," అన్నాను.

దాలినాయుడు అర్థమై కూడా అడిగాడు. "దించితే మళ్ళీ ఎక్కదప్పా. ఈ బురదలో ఎనిమిది జతల ఎడ్లు కట్టినా ఎక్కదు. వాన ఎలిసిందంటే..."

"తెలుసు."

"నూకాలు పోద్ది."

"తెలుసని సెప్పేను కదరా!"

ఎడ్లు పిడుగులకు బెదిరి తాళ్ళు తెంపుకుపోయాయి. మనుషులే లాగాలి. దానమ్మకు చెప్పగానే కొంగు బిగించింది. వేటవాళ్ళంటే ఏమిటో అప్పుడు చూశాను. పడవను ఒడ్డు మీద లాగినట్టే, పడవ చెక్కలు తెచ్చి చక్రాల కింద పరిచారు. వల తాళ్ళు ముందు రెండు, వెనక నాలుగు కట్టారు. ముందువాళ్ళు లాగుతారు, వెనకవాళ్ళు జారిపోకుండా ఆపుతారు. దానమ్మ హైలెస్సా అని అందుకుంటే రెండు వందల గొంతులు అందుకున్నాయి. నేను వెనక తాడు పట్టుకున్నాను. నూకాలు కదిలింది. దారిలో ఒకసారి చెక్క మీదనుంచి చక్రం జారి, ఫిరంగి బరువంతా ముందుకు ఉరికింది. ముందున్నవాళ్ళు పక్కకు దూకారు. వెనక తాళ్ళు పట్టుకున్నవాళ్ళం బురదలో పడి ఈడ్చుకుపోయాం గానీ తాడు వదల్లేదు.

ఆపిన చోట ఫిరంగి కాళ్ళు విప్పి నేలలో దిగ్గొట్టాం. ఫోను తీగ అక్కడిదాకా చాలలేదు. తోట నుంచి మెట్ట దాకా వేటవాళ్ళు వరసగా నిలబడి నీలవేణి మాటను ఒకరి నుంచి ఒకరు అరుస్తూ అందించారు. పాళ్ళు వేసుకునే అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

"పడ్డాదట! రేవులోనేనట!" అని కేక వచ్చింది.

"బండ?"

నా ప్రశ్న అటు వెళ్ళి జవాబు ఇటు రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు.

"బండ బాగున్నాదట! ఊరికే అడక్కుండా ఎయ్యమంటందట!"

వేశాం. ఉన్న మందంతా వేశాం. చల్లటి మందు, అరిగిన గొట్టం, అయినా రేవు దాటలేదు ఒక్క పీతా. ఆఖరి గుండు వేసేవేళకు నీళ్ళు రేవు రాళ్ళను ముంచేశాయని కేక వచ్చింది. మధ్యలో చిక్కుకున్న పీతలను ఏరు పట్టుకుపోయింది.

మధ్యాహ్నం దాటాక వాన వెలిసింది. వెనక్కి లాగడానికి చూశాం. చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. జీడికొమ్మలు నరికి కప్పాం, తడి గోనెలు కప్పాం. నిన్న లేని పొద ఇవాళ బోడి మెట్ట మీద మొలిస్తే తూనీగలు నమ్ముతాయా? అందరినీ తోటలోకి పంపేశాను. రెండు తూనీగలు వచ్చాయి. ఎక్కువసేపు పట్టలేదు.

నేను ఏడ్చాను. దాలినాయుడు తాను చూడలేదన్నాడు.

దానమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "కట్టం ఒకలిదే అవకూడదని పంచుకున్నాం పారమ్మా. ఇలగవుద్దని తెల్దు."

"తెలీదని నాకూ తెలుసు. అయినా తిడతాను," అని తిట్టాను. ఆమె పడింది. మా ఇద్దరికీ కొంచెం తేలికైంది.

పునర్వసు కార్తె

కచేరీ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఫిరంగి లేదు కాబట్టి జట్టు రద్దు. ఎవరిష్టమొచ్చిన చోటికి వారు వెళ్ళవచ్చు. బాగుంది, మాకు ఇష్టమొచ్చిన చోట్లు ఎన్నో ఉన్నట్టు. వేటవాళ్ళు గుడిసెలు విప్పి కొండదారి పట్టారు. దాలినాయుడు వాళ్ళతో వెళుతున్నాడు, వలలు అల్లడం నేర్పుతారట. కొండల్లో వల ఎందుకని అడిగితే కుందేళ్ళకన్నాడు.

ఇవాళ గెడ్డ తగ్గింది. నీలవేణి వచ్చింది. చిక్కిపోయింది, నుదుటి మీద రాయి తగిలిన గాటు ఇంకా మానలేదు. నా దగ్గరకు రాకుండా ముందు మెట్ట మీదకు వెళ్ళి, కాలిన ఇనుము చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత తోటలోకి వచ్చి నా ముందు నిలబడింది. ఏడాది తర్వాత దాని ముఖం చూడడం. గొంతు కంటే చిన్నగా ఉంది.

ఉత్తర్వు దాని చేతిలో పెట్టాను. "మీ కన్నోరికి కబురెట్టేను. ఎల్లు. నిన్ను పట్టుకుని ఉంచడానికి ఇంక నా దగ్గరేటీ నేదు."

చదివింది. మడిచి బొడ్లో దోపుకుంది.

"ఎల్తాను. మరి నీ మూటేదీ?"

"నాకెందుకే మూట?"

"నువ్వు రాకపోతే అక్కడ నానెవుల్తో దెబ్బలాడాలి? మాయమ్మ ఏటన్నా నవ్వీసి ఊరుకుంటాది."

  నేను కొంగుతో ముఖం తుడుచుకోవడం చూసి అదే కంగారు పడి, తండ్రి చేను సంగతి చెప్పడం మొదలుపెట్టింది. చోడి వెన్నుకొచ్చే వేళకు చిలకలు గుంపులుగా పడతాయట. మంచె మీద కూర్చుని పొద్దస్తమానం అరిచే మనిషి కావాలట. ఊళ్ళో అందరివీ మెత్తని గొంతులట.

మూట కట్టుకున్నాను. నా గొంతు బాగానే ఉంది.